ఒకే బ్యాంకులో రెండవ కార్డు

ఒక బ్యాంకు వారి క్రెడిట్ కార్డు ఇంటికి వచ్చి మూడు నెలలైనను నిండకమునుపే, అదే బ్యాంకు వారు విమానాశ్రయపు లాంజిలో ఉచితభోజనమును, పెట్రోలు బంకులో సర్‌ఛార్జి మినహాయింపును చూపి మఱియొక కార్డును ప్రకటింపగా, దానికిని వెంటనే దరఖాస్తు పెట్టవచ్చునా, పెట్టినచో ఇత్తురా, ఇయ్యకున్నచో మరల ఎన్నాళ్ళకు అడుగవలెను అను సందేహము నేడు జీతగాండ్ర యిండ్లలో తఱచుగా వినవచ్చుచున్నది. దీనికి మూడు నెలలని యొకరును, ఆరు నెలలని మఱియొకరును తిథివారనక్షత్రములు చూచి చెప్పినంత ధీమాగా చెప్పుచుందురు. ఇరువురి మాటలోను కొంత నిజము లేకపోలేదు గాని, ఆ గడువు ఎక్కడ పుట్టినదో తెలియనిచో దానిని పాటించుట వలన కలుగు ప్రయోజనము స్వల్పము.

తెలుగువారికి ఈ కార్డు నిన్నమొన్నటి వస్తువు కాదు. భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1923లో మచిలీపట్టణమున స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981 నాటికే క్రెడిట్ కార్డును ప్రవేశపెట్టి, ఈ దేశమున ఆ వ్యాపారమునకు పూనుకొన్న తొలి బ్యాంకులలో నొకటిగా పేరుగాంచి, తుదకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైనది. కార్డు పుట్టిన ఆ తొలినాళ్ళలో ఖాతాదారుని యోగ్యతను తూచువాడు బ్రాంచి మేనేజరు. ఒక బ్యాంకు త్రోసిపుచ్చిన సంగతి ప్రక్కవీధి బ్యాంకునకు తెలియు మార్గమే లేకుండెను. 2000లో సిబిల్ సంస్థ యేర్పడి, 2005లో పార్లమెంటు రుణసమాచార సంస్థల చట్టమును చేసిన పిమ్మట ఆ మఱుగు తొలగిపోయినది. నేడు సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అను నాలుగు సంస్థలు మన అప్పుల చరిత్రను భద్రపఱచి, 300 నుండి 900 వఱకు గల అంకెలలో మనకు మార్కులు వేయుచున్నవి.

మొదట చెప్పవలసిన మాట యేమనగా, రెండు దరఖాస్తుల నడుమ ఇన్ని దినములు గడువవలెనని రిజర్వు బ్యాంకు ఏ నిబంధనను చేయలేదు. ఆ గడువు ఏ బ్యాంకునకు ఆ బ్యాంకు తన లోపల వ్రాసికొన్న కట్టుబాటు. దానిని పలువురు బయటపెట్టరు, పెట్టినను తమ అవసరమును బట్టి మార్చుచుందురు. తిరస్కరించిన దరఖాస్తుదారును మూడు నెలల నుండి ఆరు నెలల వఱకు మరల పరిశీలింపకుండుట సామాన్యముగా కనబడు ఆచారము. ఆలోగా మఱియొకసారి దరఖాస్తు నింపినచో, పాన్ నంబరును చూచినంతనే కంప్యూటరు పాత దరఖాస్తును వెలికిదీయును. మనుష్యుడెవ్వడును దానిని చదువకయే తిరస్కారము వచ్చును. కొన్ని బ్యాంకులు మొదటి కార్డు ఉండగా రెండవది ఈయనే యీయక, ఉన్నదానినే పై తరగతికి మార్చుకొనుమందురు. మఱికొన్ని రెండు మూడు కార్డులిచ్చియు, వానికన్నిటికిని కలిపి ఒకే పరిమితిని పంచుదురు. కావున రెండవ కార్డు వచ్చినంతమాత్రమున ఖర్చుపెట్టుకొను శక్తి రెట్టింపగునని భ్రమింపరాదు.

బ్యాంకు ఇట్లు జంకుటకు హేతువు రుణనివేదికను తెఱచి చూచిన తెలియును. దాని చివరిభాగమున ఎంక్వైరీలు అను పట్టిక యొకటి యుండును. ఏ తేదీన, ఏ సంస్థ, ఏ రకపు అప్పు నిమిత్తము, ఎంత మొత్తమునకు మన చరిత్రను అడిగి తీసికొన్నదో అందు వరుసగా వ్రాయబడియుండును. దరఖాస్తు చేసిన ప్రతిసారియు ఒక వరుస పెరుగును. స్కోరు కొంచెము తగ్గును. ఒకటి రెండు వరుసలకు ప్రమాదమేమియు లేదు. కాని నెల తిరుగకమునుపే నాలుగైదు వరుసలు పేరుకొనినచో, చదువువానికి అచ్చట కనబడునది బహుమతి పాయింట్లపై మోజుపడిన ఉద్యోగి కాదు, చేతిలో డబ్బాడక దొరికినచోటనెల్ల అప్పు వెదకుచున్న మనుష్యుడు. ఈ రెండింటి భేదమును ఆ పట్టిక చెప్పజాలదు. మన నివేదికను మనమే చూచుకొనుట మాత్రము ఈ లెక్కలోనికి రాదు. దానివలన స్కోరు తగ్గునని భయపడువారు అకారణముగా భయపడుచున్నారు.

ఇక తిరస్కారము పొందినవాడు గడువు లెక్కించుటకు పూర్వము కారణమును తెలిసికొనవలెను. 2022లో రిజర్వు బ్యాంకు జారీచేసిన కార్డుల ఆదేశముల ప్రకారము, తిరస్కరించుటకు గల ముఖ్యకారణమును బ్యాంకు వ్రాతమూలకముగా తెలుపవలసియున్నది. వచ్చెడి సమాధానము ఒక్కొక్కప్పుడు ‘అంతర్గత విధానము’ అను రెండు మాటలతోనే ముగియుట నిజమే. అయినను అడుగుట మానరాదు.

కారణమును బట్టి నిరీక్షణము మాఱును. రూ. 50,000 పరిమితి గల కార్డుపై నెలనెలా రూ. 40,000 వాడి, గడువుతేదీకి పైసాతో సహా చెల్లించుచు, వడ్డీ యన్నమాట యెఱుగని గృహస్థు ఒకడున్నాడనుకొందము. ఇతనికి కార్డు నిరాకరించినచో ఆశ్చర్యపడును. కాని బ్యాంకు లెక్క పంపు దినమున కార్డుపై నున్న బాకీయే నివేదికకు ఎక్కును గనుక, అందులో ఇతడు పరిమితిలో 80 శాతము వాడుకొన్నవాడై కనబడును. 30 శాతమునకు లోబడి యుండుట మేలని ఈ విషయము నెఱిగినవారు చెప్పుదురు. బిల్లు తయారగుటకు ముందే రూ. 30,000 కట్టివేసినచో, అదే ఖర్చు 20 శాతముగా కనబడును. 2025 జనవరి 1 నుండి బ్యాంకులు ఈ లెక్కలను పక్షమునకొకసారియైనను పంపవలసి యుండుటచే, ఈ లోపము నెల రెండు నెలలలో తీఱిపోవును.

పేరులో తేడా మఱియొక చిక్కు, అందును మనవారికి ప్రత్యేకమైన చిక్కు. పాన్ కార్డులో ఇంటిపేరు పూర్తిగాను, ఆధార్‌లో పొడియక్షరముగాను, జీతపు చీటిలో చిట్టచివరగాను ఉన్నవారు మన ప్రాంతమున కోకొల్లలు. పత్రములను సవరించుకొనక ఆరు నెలలు కాదు, ఆరేండ్లు వేచియున్నను ఫలము లేదు. పాత అప్పును తక్కువకు తెంపుకొని, నివేదికలో ‘సెటిల్డ్’ అని వ్రాయించుకొన్నవాని సంగతియు నిట్టిదే. మిగిలిన సొమ్ము చెల్లించి, బాకీలేదను పత్రము పొంది, ఆ ఖాతాను ‘క్లోజ్డ్’గా మార్పించుకొన్న తరువాతనే అతని దినములు లెక్కకు వచ్చును.

మొదటి కార్డు లభించి రెండవది కోరువాని స్థితి ఇంతకంటె సులువైనది. ఆరు నెలల బిల్లులు సకాలమున పూర్తిగా చెల్లించినవానిని బ్యాంకు స్వయముగానే పిలుచుట కలదు. యాప్‌లో ప్రీ అప్రూవ్డ్ అని కనబడు ఆహ్వానమునకు బదులిచ్చుట, ఆహ్వానము లేక అడుగుటకంటె క్షేమము. మినిమమ్ డ్యూ మాత్రమే కట్టుచు రోజులు వెళ్ళబుచ్చువానికి మాత్రము రెండవ కార్డు రాకుండుటయే మేలని నా తలంపు. పాతదానిని రద్దుచేసికొని క్రొత్తది కోరువారును కలరు. బాకీ లేని కార్డు రద్దును బ్యాంకు ఏడు పనిదినములలో జరుపవలెను, జాప్యమైనచో దినమునకు రూ. 500 చొప్పున చెల్లించవలెను; కాని రద్దయిన మఱునాడే అదే బ్యాంకు క్రొత్తవానిగా చూచునని ఆశింపరాదు.

అమెరికాలోని మన పిల్లలు ఈ విద్యలో మనకంటె ఆఱితేఱినారు. ఏ బ్యాంకు కార్డులైనను సరే, గడచిన 24 నెలలలో ఐదు తీసికొన్నవానికి ఛేజ్ బ్యాంకు సాధారణముగా క్రొత్తది ఈయదని, ఆ బ్యాంకు ప్రకటింపకపోయినను, అక్కడివారందఱికిని కంఠపాఠము. అది అక్కడి లెక్క. హైదరాబాదులోని దరఖాస్తునకు దానిని అన్వయింపరాదు.

ఒక్క జాగ్రత్త మిగిలినది. దుకాణసముదాయములలో బల్ల వేసికొని కూర్చున్న ఏజెంటు చేతికి పాన్ నంబరు ఇచ్చి మఱచిపోవువారు పెక్కుమంది. ఆ నంబరుతో ఎన్ని దరఖాస్తులు పోయినవో నివేదికయే చెప్పవలెను. నాలుగు సంస్థలును ఏడాదికొకసారి పూర్తి నివేదికను ఉచితముగా ఈయవలసియున్నవి. ఎవరైనను మన చరిత్రను తీసికొన్నప్పుడు ఎస్సెమ్మెస్ గాని ఈమెయిలు గాని పంపవలసియున్నవి. ఎఱుగని ఎంక్వైరీ కనబడినచో ఆ సంస్థకే ఫిర్యాదు చేయవలెను. 30 దినములలో పరిష్కారము కానిచో ఆపై దినమునకు రూ. 100 వంతున పరిహారము రావలెనని రిజర్వు బ్యాంకు 2023లో ఉత్తరువు చేసియున్నది. ఆ వరుస తొలగిన తరువాత అడుగు దరఖాస్తునే మొదటిదిగా లెక్కించుకొనుట ఉచితము.