పడక మీద పది నిమిషాలు



డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దాన కార్డుల పళ్లెం వరుసల మధ్య తిరుగుతున్నప్పుడు, యిర్మీయా 29:11 ఎవరి చేతికి వస్తే వాళ్ల ముఖం వెలిగిపోవడం మనందరం చూసిందే. దేవుడు మనపట్ల మేలైన ఉద్దేశాలు కలిగి ఉన్నాడని చెప్పే వచనం అది. దాన్ని ఫ్రేము కట్టించి ముందు గదిలో పెట్టుకుంటాం, కారు అద్దం మీద అంటించుకుంటాం. ఏడాది గడిచిపోతుంది. "అయ్యగారూ, దేవునికి నాపట్ల ఉద్దేశం ఉందని నమ్ముతున్నాను. కానీ అదేమిటో నాకింకా తెలియలేదు" అని యవనస్థులు అడుగుతారు. ఈమధ్య యవనస్థులే కాదు, ఉద్యోగ విరమణకు రెండేళ్లు ఉన్నవాళ్లు, పిల్లలు విదేశాలకు వెళ్లిపోయాక ఖాళీ ఇంట్లో మిగిలిన తల్లులు కూడా అడుగుతున్నారు.

ఆ ప్రశ్నకు మనం చూపిస్తున్న దారులేమిటి? మూడు రోజుల ఉపవాసం, పెద్ద పందిట్లో కూడిక, పేరు పెట్టి పిలిచి భవిష్యత్తు చెప్పే ప్రవక్త. ఉపవాసాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆ చివరి దారి గురించి యిర్మీయా 29వ అధ్యాయమే గట్టిగా హెచ్చరిస్తోంది. మనం ఫ్రేము కట్టించుకున్న వచనానికి పైనా కిందా ఉన్న మాటలు చదివేవాళ్లు తక్కువ. అది బబులోనుకు చెరపట్టబడి వెళ్లినవారికి యెరూషలేము నుంచి వెళ్లిన ఉత్తరం. దానికి ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో అంతా చక్కబడుతుందని ప్రకటించాడు. యిర్మీయా మాత్రం డెబ్బై ఏళ్లని రాశాడు. అంటే ఆ ఉత్తరం చదువుతుంటే విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరిగి వెళ్లే రోజును చూడరు. మరి ఈలోగా వాళ్లు చేయవలసింది ఏమిటి? ఇళ్లు కట్టుకోవాలి, తోటలు వేసుకోవాలి, పిల్లలకు పెళ్లిళ్లు చేయాలి, తాము చెరలో ఉన్న ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థించాలి. మేలైన ఉద్దేశాల మాట ఈ రోజువారీ పనుల పట్టీ తర్వాతే వస్తుంది. ఆ వరుసను మనం గమనించాలి.

అయితే రోజువారీ పనుల్లో మునిగిపోతే చాలా? అలాగైతే మనందరికీ ఎప్పుడో తెలిసిపోయి ఉండాలి. రోజు గడపడం వేరు, గడిచిన రోజును దేవుని ఎదుట చూసుకోవడం వేరు. ఈ రెండోది ఎలా చేయాలో సంఘ చరిత్రలో అందరికన్నా వివరంగా నేర్పినవాడు ఒక సైనికుడు.

ఆయన పేరు ఇగ్నేషియస్ లయోలా. విజయవాడలో 1953లో మొదలైన ఆంధ్ర లయోలా కళాశాల పేరు విన్నవారికి ఆ మాట పరిచయమే. రోమన్ కథోలికుడు కదా, మన ప్రొటెస్టెంటు పత్రికలో ఆయనెందుకు అని కొందరు అనుకోవచ్చు. 1521 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ వోర్మ్స్ సభలో చక్రవర్తి ఎదుట నిలబడ్డాడు. సరిగ్గా మరుసటి నెల, మే 20న, పాంప్లోనా కోట దగ్గర ఫిరంగి గుండు తగిలి ఇగ్నేషియస్ కూలిపోయాడు. ఆ తర్వాత వీళ్లిద్దరి వారసులు శతాబ్దాల పాటు వాదించుకున్నారు. ఆ వాదాలు చిన్నవి కావు. అయినా తన అంతరంగాన్ని ఎలా గమనించాలో నేర్చుకున్న మనిషి దగ్గర కూర్చుని వినడానికి అవి మనకు అడ్డం కానక్కరలేదు.

కాలు విరిగింది. కట్టిన కట్టు సరిగా కుదరక మళ్లీ విరిచి కట్టారు. ఎముక ఒకటి పైకి పొడుచుకొచ్చింది. అప్పట్లో రాచకొలువులో వేసుకునే బిగుతు బూట్లు దాని మీద ఎక్కవని, ఆ ఎముకను కోయించుకున్నాడు. మత్తుమందు లేని కాలం! తాను ఎలా కనబడతానన్నదే అప్పటికి ఆయన జీవితోద్దేశం.

మంచం మీద పొద్దుపోక వీరుల కథలు అడిగితే ఇంట్లో లేవన్నారు. క్రీస్తు జీవితం గురించి ఒకటి, పరిశుద్ధుల జీవితాల గురించి ఒకటి, రెండే దొరికాయి. అవి చదవడం, పక్కనపెట్టి పగటికలలు కనడం. ఒక గొప్పింటి స్త్రీ మెప్పు కోసం తాను చేయబోయే సాహసాలు ఊహించుకుంటూ గంటలు గడిపేవాడు. కొన్నిసార్లు ఆ పరిశుద్ధుల్లాగా తానూ జీవిస్తే ఎలా ఉంటుందని ఊహించుకునేవాడు. రెండు ఊహలూ సంతోషంగానే ఉండేవి. అయితే కొన్నాళ్లకు ఒక తేడా కనిపెట్టాడు. మొదటి ఊహ అయిపోయాక మనసు ఎండిపోయినట్టు, చిరాకుగా ఉండేది. రెండోది అయిపోయాక కూడా లోపల ఆనందం మిగిలి ఉండేది.

ఆయన కనిపెట్టింది ఇంతే. దర్శనం కాదు, స్వరం కాదు. ఒక సంగతి జరుగుతున్నప్పుడు ఎలా ఉందన్నది కాకుండా, అది వెళ్లిపోయాక లోపల ఏం మిగిల్చిందన్నది చూడడం. ఎమ్మాయు దారిలో నడిచిన ఇద్దరికీ జరిగింది ఇదే. దారంతా ప్రభువు లేఖనాలు విప్పి చెబుతుంటే వాళ్లకు తెలియలేదు. ఆయన కనబడకుండా పోయిన తర్వాత, వెనక్కి చూసుకుంటే, అప్పుడే తమ హృదయం మండిందని గుర్తించారు (లూకా 24:32).

మన రోజుల్లో దీన్ని పరీక్షించుకోవడం చాలా తేలిక. రాత్రి ఫోనులో రీల్స్ చూస్తూ గంటసేపు నవ్వుకుంటాం. ఫోను పక్కన పెట్టాక ఎలా ఉంటుంది? ప్రభుత్వాసుపత్రిలో ఉన్న పక్కింటి ముసలాయన్ని చూడడానికి వెళ్లాలంటే బద్ధకం. ఆటో దొరకదు, ఎండ. వెళ్లొచ్చాక ఎలా ఉంటుంది? మనం బయలుదేరే ముందు కలిగే ఇష్టాయిష్టాలను దేవుని చిత్తమని పొరబడతాం. తిరిగొచ్చాక కలిగేదాన్ని అసలు లెక్కే చేయం.

ఇగ్నేషియస్ తర్వాతి జీవితం ఇంకా ఆసక్తిగా ఉంటుంది. తన పిలుపు యెరూషలేములో సేవ చేయడమని తీర్మానించుకుని 1523లో అక్కడికి చేరాడు. అక్కడి మఠాధికారులు ప్రమాదమని ఉండనివ్వలేదు, వెనక్కి పంపించేశారు. ముప్పై దాటిన వయసులో బార్సిలోనాలో చిన్నపిల్లల మధ్య కూర్చుని లాటిను వ్యాకరణం మొదటినుంచి నేర్చుకున్నాడు. పారిసులో చదివాడు. స్నేహితులతో కలిసి మళ్లీ యెరూషలేముకే బయలుదేరి వెనిస్‌లో ఓడ కోసం ఎదురుచూశాడు. యుద్ధం వచ్చి ఓడలు కదల్లేదు. చివరికి యేసు సభ 1540లో అనుమతి పొందింది. 1556లో చనిపోయేవరకు ఆయన ఎక్కువగా రోములో బల్ల ముందు కూర్చుని ఉత్తరాలు రాశాడు. 6000కు పైగా ఉత్తరాలు ఈనాటికీ మిగిలి ఉన్నాయి. యెరూషలేము వీధుల్లో నడవాలనుకున్నవాడికి దొరికింది కలం, కాగితం. తలుపు మూసుకున్న ప్రతిసారీ ఆయన్ను నడిపించింది మంచం మీద నేర్చుకున్న ఆ అలవాటే. దాన్ని రోజుకు రెండుసార్లు చేసే పరిశీలనగా తన వారికి నేర్పాడు.

అది మనకు పరాయిది కాదు. కీర్తన 4 పడక మీద హృదయంలో ధ్యానించి మౌనంగా ఉండమంటుంది. కీర్తన 139 చివర్లో దావీదు తనను పరిశోధించమని దేవుణ్ణే అడుగుతాడు. ఆక్స్‌ఫర్డులో జాన్ వెస్లీ గంటగంటకూ తన స్థితిని డైరీలో రాసుకునేవాడు. ఆయన పేరు మోసిన వెస్లియన్ మిషనే మెదక్ ప్రాంతంలో సువార్త పని చేసింది. మన తాతలు ప్రభువు బల్లకు ముందు శనివారం రాత్రి తమను తాము పరీక్షించుకునేవారు. ఇప్పుడు ఆ శనివారం రాత్రి ఏమైపోయిందో మనకే తెలియాలి.

ఎలా చేయాలి? కుటుంబ ప్రార్థన అయ్యాక, దీపం ఆర్పే ముందు, పది నిమిషాలు. ముందుగా ఈ రోజు అందిన మేలుల్లో ఒకటి రెండు పేరుపెట్టి కృతజ్ఞత చెప్పండి. "అన్నిటి కోసం స్తోత్రం" అనేస్తే కుదరదు. కుళాయిలో నీళ్లు వచ్చాయి, కూతురు ఫోను చేసింది, అలా చెప్పాలి. పరిశుద్ధాత్మ వెలుగు అడగండి. పొద్దున లేచింది మొదలు గంటగంటకూ రోజంతా మనసులో నడిచి రండి. ఎక్కడ మనసు విప్పారింది? ఎక్కడ ముడుచుకుపోయింది? ఒక్కొక్కటే చాలు. తప్పు చేసిన చోట క్షమాపణ అడగండి. రేపు చేయవలసిన ఒక్క పని ప్రభువు చేతిలో పెట్టి పడుకోండి. పిల్లల పరీక్షల నోటుపుస్తకం మిగిలి ఉంటే అందులో రోజుకు రెండు వాక్యాలు రాయండి.

మొదటి వారం ఏమీ తెలియదు. విసుగొస్తుంది. నెల తర్వాత ఆ పేజీలు వరుసగా చదివితే ఒకే మాట పదేపదే కనబడడం మొదలవుతుంది.

మా ప్రాంతంలో ఒక యువకుడు నాలుగేళ్లుగా గ్రూపు పరీక్షలు రాస్తున్నాడు. ఇంట్లో అప్పులు పెరుగుతున్నాయి, తండ్రికి ఓపిక తగ్గుతోంది. "దేవుడు నన్ను మరచిపోయాడా?" అని వచ్చాడు. నోటుపుస్తకం రాయమన్నాను. రెండు నెలల తర్వాత తెచ్చి చూపించాడు. చదువుకున్న గంటల గురించి దాదాపు ప్రతిరోజూ ముడుచుకుపోయిన మాటలే. మధ్యమధ్య విప్పారిన రోజులన్నీ ఆదివారాలు. ఆదివారం మధ్యాహ్నం హాస్టలు పిల్లలకు ఉచితంగా లెక్కలు చెబుతాడు. అది తనకు అలసట తీర్చుకునే వేళ అనుకున్నాడే గానీ, లెక్కలోకి తీసుకోలేదు. అదే అతని పిలుపని నేను చెప్పలేదు. ఇంకో మూడు నెలలు రాయమన్నాను, తండ్రితో కూర్చుని ఆ పేజీలు చదివి వినిపించమన్నాను. రెండోదే అతనికి కష్టమైంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు చెప్పాలి. హృదయం అన్నిటికంటె మోసకరమైనదని అదే యిర్మీయా 17:9లో రాశాడు కదా, దాని మాట ఎలా నమ్మాలి? ఒంటరిగా నమ్మకూడదు. లోపల కలిగే ఆనందం వాక్యానికి ఎదురు వెళితే అది ఆనందమే కాదు. వాక్యానికి లోబడిన ఆనందాన్ని కూడా ఒక పెద్దతో, భార్యతో లేక భర్తతో చెప్పి చూడాలి. మనసు ఎండిపోయి ఉన్న రోజుల్లో అంతకుముందు చేసిన మంచి తీర్మానాన్ని మార్చుకోవద్దని ఇగ్నేషియస్ నేర్పిన సూత్రం బంగారంలాంటిది. వెలుగులో తీసుకున్న నిర్ణయాన్ని చీకట్లో కొట్టేయకూడదు. ఎన్ని రాజీనామా పత్రాలు, ఎన్ని తెగిపోయిన సంబంధాలు ఇది తెలియక జరిగాయో!

రెండోది, కొందరికి మనస్సాక్షి మరీ పదునుగా ఉంటుంది. ఇగ్నేషియస్ కూడా మన్రేసాలో ఉన్న నెలల్లో పాత పాపాలను తవ్వి తవ్వి, ఒప్పుకున్నవే మళ్లీ మళ్లీ ఒప్పుకుని, ప్రాణం తీసుకుందామన్నంత వరకు వెళ్లాడు. ఆ తవ్వకం దేవునినుంచి వచ్చింది కాదని గ్రహించి మానేశాడు. కాబట్టి మీకు ఈ పది నిమిషాలు నేరవిచారణలా తోస్తుంటే, కొన్నాళ్లు కృతజ్ఞత దగ్గరే ఆపేయండి. వారాలు గడిచినా నిద్ర, ఆకలి రాకపోతే, బతకాలనిపించకపోతే వెంటనే డాక్టరును కలవండి. అది విశ్వాసలోపం కాదు.

ఉద్దేశం అనగానే పెద్ద వేదిక ఊహించుకుంటాం కాబట్టి దోర్నకల్ సంగతి కూడా చెబుతాను. వేదనాయకం శామ్యూల్ అజరయ్య తిరునల్వేలి ప్రాంతపు తమిళుడు, వై.ఎం.సి.ఎ. కార్యదర్శి. 1903లో తిరునల్వేలి సంఘస్థులతో కలిసి మిషనరీ సంఘం స్థాపించి, వేరేవాళ్లను తెలుగు ప్రాంతానికి పంపే ఏర్పాటు చేశాడు. పంపేవాడిగా ఆయన పని బాగానే సాగుతోంది. 1909లో ఆ ఉద్యోగం వదిలి, అభిషేకం పొంది, తానే దోర్నకల్ వచ్చాడు. ముప్పై అయిదేళ్ల వయసులో తెలుగు నేర్చుకున్నాడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు, 1945లో దోర్నకల్‌లోనే కన్నుమూశాడు. బిషప్ పదవి సంగతి 1903లో ఆయనకు ఎవరూ చెప్పలేదు. అప్పుడు చేతిలో ఉన్నది ఆ సంఘం పని ఒక్కటే.

వచ్చే నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంది. ఈ రాత్రి మొదలుపెడితే అప్పటికి కొన్ని పేజీలు నిండుతాయి. ఆ ముందు శనివారం సాయంత్రం ఇంట్లో టీవీ ఆపి, రాసినవాళ్లు రాసింది చదువుకోండి. ఒకరి పుస్తకం ఒకరు అడగకుండా లాక్కోకండి. చదువురాని అమ్మమ్మ ఉంటే ఆమెను నోటితో చెప్పనివ్వండి, మనవరాలు రాస్తుంది.