ఉన్నమాటయు ఉద్యోగమును



నేను యూసుఫ్‌గూడ వాసిని. బడిలో తెలుగు పండితుడనుగా పనిచేసి విశ్రాంతి గొన్నవాడను. మా పేట మీలో పలువురకు తెలిసియే యుండును. మీ గ్రామములనుండి కంప్యూటరు విద్యకై అమీరుపేటకు వచ్చు పిల్లలు పగలెల్ల అచ్చటి శిక్షణాలయములలో గడపి, రాత్రి తలదాచుకొనుటకు మా వీథులలోని హాస్టళ్లకు చేరుదురు. 2019వ సంవత్సరమున అమీరుపేట మీదుగా హైటెక్ సిటీకి మెట్రో రైలు నడచినది మొదలు ఉద్యోగస్థులును మాయొద్దనే యెక్కి దిగుచున్నారు. వారి కష్టసుఖములు వినుట నాకు సాయంకాలపు వ్యాసంగము. అట్లు వినిన వానిలో నొకదానిని నేడు మీకు విన్నవించెదను.

నాయొద్ద చదివిన యొకడు, ముప్పది యేండ్లవాడు, ఒక కార్యాలయమున లెక్కలు వ్రాయుచుండెను. పైసా తప్పిపోయిన యెఱుకువ లేదు. ఒక వినాయకచవితికి కార్యాలయమువారు చందాలు పోగుచేసి, ఎవరెంత యిచ్చిరో, ఎవరియ్యలేదో పట్టిక వ్రాసి గోడకు అంటించిరి. తరువాతి సమావేశములో అధికారి, “ఎవరికేమి తోచినను నిర్భయముగా చెప్పవచ్చును” అనెను. మావాడు లేచి, “ఇయ్యనివారి పేరు గోడకెక్కించి తీసికొనునది చందా కాదు, జరిమానా. ఇందు అన్యమతస్థులు కూడ నున్నారు. వారి యిష్టమును ఎవరడిగిరి?” అనెను. సభ నిశ్శబ్దమయ్యెను. పిమ్మట అధికారి లోపలికి పిలిచి, “నీకేమైన ఇబ్బందియా?” యని యడుగగా, “ఇబ్బంది నాకు కాదు, మీ పద్ధతికి” అని బదులు చెప్పినాడు. నెల తిరుగకుండ ఉద్యోగము పోయినది. కాగితముపై వ్రాసిన కారణము: తోటివారితో కలసి మెలగజాలడు.

ఆ కాగితము తెచ్చి నా ముందుంచి, “మాష్టారూ, నేను చెప్పినది తప్పని ఇందులో ఎక్కడను లేదు. మఱి శిక్ష దేనికి?” అని యడిగినాడు. నాకు బదులు తోపలేదు. తోపకపోగా పాతమాట యొకటి జ్ఞప్తికి వచ్చి తల వంచుకొంటిని. వీడు పదునొకండేండ్ల బాలుడై యున్నపుడు, సత్యము చెప్పవలెననియు, ప్రియముగా చెప్పవలెననియు, అప్రియమైన సత్యమును, ప్రియమైన అసత్యమును పలుకరాదనియు నేను తరగతిలో బోధించుచుంటిని. వాడు లేచి, “మొన్న ఇన్‌స్పెక్టరుగారితో పిల్లలందఱును ప్రతిదినము వచ్చుచున్నారని చెప్పితిరి గదా, అది యీ నాలుగింటిలో ఏది?” యనెను. నేను వానిని బల్లపై నిలువబెట్టితిని.

ఇరువది యెనిమిదవ యేట వైద్యులు వానికి ఆటిజము గలదని తేల్చిరి. ఆ మాట గ్రీకు భాషలో ‘తాను’ అను నర్థమిచ్చు పదమునుండి పుట్టినది. 1943లో లియో కానరు అను వైద్యుడు అమెరికా దేశమున పదునొకండుగురు పిల్లలను పరీక్షించి దీనిని వర్ణించెను. మరుసటి యేట వియన్నాలో హాన్స్ ఆస్పెర్గరు అట్టి పిల్లలనే గూర్చి వ్రాసెను. వీరిరువురికంటె ముందే, 1925లో, సుఖరేవా యను రష్యా వైద్యురాలు ఇట్టి బాలురను వర్ణించి యున్నది గాని, ఆమె పేరు చాలకాలము మఱుగున పడిపోయినది. ఇది అంటురోగము కాదు, గ్రహచేష్ట కాదు, తల్లి పెంపకపు లోపము కాదు. తల్లి చల్లనితనమే కారణమని ఒకకాలమున పెద్ద వైద్యులే నమ్మి అనేక మాతృమూర్తులను ఏడిపించిరి. అది తప్పని తేలినది. పుట్టుకతోడనే మెదడు పెరుగు తీరులో నుండు భేదమిది. కొందఱికి మాటలే రావు. కొందఱు గొప్ప విద్యావంతులగుదురు. ప్రపంచారోగ్యసంస్థ లెక్కప్రకారము 2021 నాటికి 127 మందిలో నొకరికి ఇది గలదు. అనగా మీ గ్రామమునను ఉండియే యుండును. వానికి తిక్కవాడనియో, మొండివాడనియో పేరుపెట్టి యుందురు.

మన హైదరాబాదునకు ఈ విషయమున ఒక గౌరవమున్నది. దేశములో ఆటిజమును కొలుచుటకు వాడు పరీక్షాపత్రమును సికిందరాబాదు బోయిన్‌పల్లిలోని జాతీయ సంస్థయే తయారుచేసినది. అందు నలువది అంశములు. ఒక్కొక్కదానికి ఒకటి మొదలు అయిదు వఱకు గుణములు. మొత్తము డెబ్బదికి లోబడినచో ఆటిజము లేదని లెక్క.

పండితులు మాటకు మూడు శక్తులు చెప్పుదురు: అభిధ, లక్షణ, వ్యంజన. ‘ప్రొద్దు గ్రుంకినది’ యనుట ఒక్క వాక్యమే. పసులకాపరికి అది మందను మరల్పుమని, బ్రాహ్మణునకు సంధ్యవార్చుమని, అంగడివానికి తలుపు మూయుమని తోచును. ఇది వ్యంజన. మన కార్యాలయములన్నియు ఈ వ్యంజన మీదనే నడచుచున్నవి. ‘నిర్భయముగా చెప్పవచ్చును’ అని అధికారి యనినపుడు, ‘నాకు నచ్చినదే చెప్పుడు’ అని తక్కినవారు గ్రహింతురు. ఆటిజము గలవారిలో పలువురు ఆ వాక్యమును ఉన్నదున్నట్లు స్వీకరింతురు. తప్పు వినినవానిదా, అన్నవానిదా? డేమియన్ మిల్టన్ అను ఆంగ్లదేశపు పండితుడు, తానును ఆటిజము గలవాడే, 2012లో ఒక మాట చెప్పెను: ఎడము రెండువైపులనుండి యున్నది, వారు మనలను గ్రహింపలేకపోవుట యెంతయో, మనము వారిని గ్రహింపలేకపోవుటయు నంతే. నాకిది న్యాయముగా తోచుచున్నది.

ఇట్లని వారేమి పలికినను ఒప్పే యనరాదు. 2017లో అమెరికాలోని గూగులు సంస్థలో జేమ్స్ డమోర్ అను ఇంజనీరు, ఆ వృత్తిలో స్త్రీలు తక్కువగా నుండుటకు స్వభావభేదమును ఒక కారణముగా చూపుచు దీర్ఘమైన పత్రము వ్రాసెను. అభిప్రాయములు తెలుపుడని కోరినందుననే వ్రాసితినని యతడు చెప్పుకొనెను. తోటి స్త్రీలు మిక్కిలి నొచ్చుకొనిరి. ఆగస్టులో అతనిని తొలగించిరి. తనకు ఆటిజము గలదని వైద్యులు చెప్పిన సంగతి ఆ యేడే పత్రికలలో వెలువడినది. ఆ తొలగింపు చట్టవిరుద్ధము కాదని అచ్చటి కార్మికసంబంధ మండలి న్యాయవాది 2018లో అభిప్రాయమిచ్చెను. నా బుద్ధికి తోచునది యిది: ఆటిజము అభిప్రాయమునకు ముద్రవేసి యిచ్చు ప్రమాణపత్రము కాదు, దానిని త్రోసివేయుటకు సాకును కాదు. మాటను మాటగా తూచవలెను. మావాని చందామాటను అట్లు తూచినవారు ఆ కార్యాలయములో ఒక్కరును లేరు.

తూచి దిద్దిన సంగతి యొకటి గలదు. టెంపుల్ గ్రాండిన్ అను నామె పశువులకు కొట్టములు, దారులు నిర్మించు విద్యలో అమెరికాలో ప్రసిద్ధురాలు, ఆటిజము గలది. యౌవనమున ఒక కర్మాగారములో అతుకుపని చూచి పావురపు రెట్టవలె నున్నదని పనివారి యెదుట అనివేసినదట. అచ్చటి ఇంజనీరు ఆమెను పనినుండి తీసివేయలేదు. వేఱుగా పిలిచి, ఆ మాట యేల తగదో స్పష్టముగా చెప్పి, పోయి క్షమాపణ కోరుమనెను. ఆమె పోయి కోరెను. ఈ కథను ఆమెయే చెప్పుకొన్నది. దిద్దుబాటునకు నాలుగు మాటలు చాలినవి.

మన చట్టమును కొంత తోడున్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము, 2017 ఏప్రిలు 19 నుండి అమలులోనున్నది, ఇరువదియొక్క వైకల్యములలో ఆటిజమును చేర్చినది. ప్రభుత్వ కార్యాలయములు ఇట్టివారికి తగిన వెసులుబాటు చేయవలెను. ఫిర్యాదులు వినుటకు ఒక అధికారిని నియమింపవలెను. ప్రైవేటు సంస్థలును సమానావకాశ విధానమును ప్రకటింపవలెను. 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పొకటి గమనింపదగినది. కేంద్ర రిజర్వు పోలీసు దళములోని ఒక అధికారిపై, పరుషముగా మాటలాడెననియు, అనుమతి లేక వార్తాచానళ్లలో కనబడెననియు మొదలగు నేరములు మోపిరి. అతనిది ఆటిజము కాదు, మనోవ్యాధి. అయినను, నడవడికి వైకల్యము ఒక కారణమై యున్నను చాలును, అదియే యేకైక కారణము కానక్కఱలేదని కోర్టు చెప్పి, ఆ విచారణను కొట్టివేసినది. ఇందువలన ఎవరినైన నిందింపవచ్చునని కాదు. శిక్షకు ముందు కారణమును విచారింపవలెనని.

మావానికి ఆ చట్టపు ఆలోచన వచ్చునప్పటికి వాడు కాగితముపై సంతకము చేసి వచ్చినాడు. ఇప్పుడు వేఱొకచోట పని. అచ్చటి అధికారిణి తెలివిగలది. సమావేశమునకు ముందుదినమే ఏయే విషయములపై అభిప్రాయము కావలెనో, వేనిపై అక్కఱలేదో వ్రాసి పంపును. మావాడును ఒక యేర్పాటు చేసికొన్నాడు. కోపము గలిగించునని తోచిన మాటను మొదట కాగితముపై వ్రాసి, ఒక రాత్రి ఉంచి, మరునాడు నాకు చూపును. నేను విషయమును మార్చను; ‘ఇది అందఱిలో కాదు, ఆమెతో వేఱుగా చెప్పుము’ అనియో, ‘ఇది నిన్నెవ్వరును అడుగలేదు’ అనియో ప్రక్కన వ్రాసెదను. కొన్నిటిని వాడు వినును. కొన్నిటిని వినక చెప్పివచ్చి, ఏమి జరిగెనో నాకు తెలుపును. రెండుసార్లు వాడే ఒప్పయినాడు.

పండుగలకు మీ పిల్లలు ఊరికి వచ్చినపుడు, ఉద్యోగము పోయినదని యెవడైన చెప్పినచో, ‘నోరు మూసికొని యుండరాదా’ యనుటకు ముందు, ‘ఏమంటివి? ఎవరి యెదుట నంటివి? అడిగిరా?’ యని యీ మూడును అడిగి చూడుడు.

ఈ ప్రసంగమును నిన్న మావానికి చదివి వినిపించితిని. రెండు ఆక్షేపణలు చేసినాడు. ఆటిజము గలవారందఱును అక్షరార్థమునే గ్రహింతురని నేను మొదట వ్రాసి యుంటిని, అది తప్పనెను, ‘పలువురు’ అని దిద్దితిని. రెండవది, బల్లపై నిలువబెట్టిన సంగతి. “ఎన్ని దినములో వ్రాయలేదేమి మాష్టారూ? రెండు దినములు” అనెను.