పాత రికార్డుల బొంత

ఈనాడు మీతో ముచ్చటించబోయేది ఒక పాటల రికార్డు గురించి. దాని పేరు 'మ్యాడ్‌విలనీ'. 2004 మార్చిలో అమెరికాలో విడుదలైంది. 'మ్యాడ్‌విలన్' అనే పేరుతో జతకట్టిన ఇద్దరు కళాకారుల మొదటి ఆల్బమ్ ఇది. "ఎక్కడి అమెరికా, ఎక్కడి బీర్కూర్! మనకెందుకమ్మా ఆ గోల?" అనుకోకండి. మన పిల్లలు చెవుల్లో పెట్టుకుని వినే ర్యాప్ పాటలు ఈ కోవలోవే. అవి ఎట్లా తయారవుతాయో తెలుసుకుంటే, మన నాట్ల పాటల గురించి కూడా ఒక ముఖ్యమైన సంగతి బోధపడుతుంది.

ఈ హిప్‌హాప్ పుట్టింది న్యూయార్క్ నగరంలో, బ్రాంక్స్ అనే పేదల పేటలో. దాని పుట్టుకలో ఒక ఆడపిల్ల చెయ్యి ఉంది. 1973 ఆగస్టు 11న సిండీ క్యాంబెల్ అనే అమ్మాయి, బడి తెరిచేలోగా కొత్త బట్టలు కొనుక్కోవడానికి నాలుగు డబ్బులు వస్తాయని ఒక ఆటపాటల వేడుక ఏర్పాటు చేసింది. ఆడపిల్లలకు టిక్కెట్టు 25 సెంట్లు, మగపిల్లలకు 50. ఆమె అన్న హెర్క్ రికార్డులు వేశాడు. పాట మధ్యలో గొంతు ఆగి వట్టి దరువు మోగే చోట పిల్లలు ఎక్కువ హుషారుగా ఆడతారని అతను కనిపెట్టాడు. ఒకే రికార్డు రెండు ప్రతులు తెచ్చి, రెండు ప్లేయర్ల మీద పెట్టి, ఆ ముక్కనే మళ్లీ మళ్లీ తిప్పేవాడు. వాద్యాలు కొనే స్తోమత లేనివాళ్లకు అట్లా పాత రికార్డే వాద్యమైంది. ఆ దరువు మీద ప్రాసలు కూర్చి, మాట్లాడుతున్నట్టే పాడేది ర్యాప్.

దీన్ని మనం బొంతతో పోల్చుకోవచ్చు. అమ్మమ్మ పాత చీరలోంచి ఒక ముక్క, నాయన పాత ధోవతిలోంచి ఒక ముక్క తీసుకుని బొంత కుడతాం. ముక్కలన్నీ పాతవే, బొంత మాత్రం కొత్తది. పాత రికార్డులోంచి చిన్న ముక్క తీసి కొత్త పాటలో అతకడాన్ని శాంప్లింగ్ అంటారు.

మ్యాడ్‌విలన్ జతలో ముక్కలు ఏరి అతికేవాడు మ్యాడ్‌లిబ్, మాట కట్టేవాడు డూమ్. మన ఒగ్గుకథలో కథ చెప్పేవారు ఒకరు, డోలు అందుకునేవారు ఇంకొకరు ఉన్నట్టే ననుకోండి. మ్యాడ్‌లిబ్ 2002లో బ్రెజిల్ దేశం వెళ్లినప్పుడు, హోటల్ గదిలోనే ఒక చిన్న రికార్డు ప్లేయరు, ఒక క్యాసెట్ యంత్రం, చేతిలో పట్టే చిన్న శాంప్లింగ్ పెట్టె పెట్టుకుని, అక్కడ కొన్న పాత రికార్డులతో ఈ ఆల్బమ్‌లోని కొన్ని పాటలకు దరువులు కట్టాడు.

డూమ్ బతుకు వేరు. 1993లో అతని తమ్ముడు కారు ప్రమాదంలో పోయాడు. అన్నదమ్ములిద్దరూ ఒకే బృందంలో పాడేవారు. ఆ తర్వాత కంపెనీ వారి రికార్డును విడుదల చెయ్యకుండా ఆపేసింది. కొన్నేళ్లు కనబడకుండా పోయి, తిరిగి వచ్చినప్పుడు ముఖానికి ముసుగు వేసుకుని వచ్చాడు. నా ముఖం కాదు, నా మాట చూడండి అన్నట్టు. 2020లో ఆయన కన్నుమూశాడు.

ఈ ఆల్బమ్‌లో ప్రయోగం ఏమిటంటే, చాలా పాటలకు పల్లవి ఉండదు. 22 ముక్కలు, అంతా కలిపి ముప్పావుగంట. విడుదలకు ఏడాదికి పైగా ముందే కచ్చా ప్రతి దొంగతనంగా బయటికి పొక్కింది. డూమ్ చాలావరకు మళ్లీ పాడాడు. ఈసారి గొంతు తగ్గించి, నింపాదిగా. ఆ నింపాదితనమే దాని అందమని ఇప్పుడు వినేవాళ్లు మెచ్చుకుంటారు.

ఇక అసలు సంగతికి వస్తాను. బొంతలోని ముక్క ఎవరి చీరది? ఇదే మ్యాడ్‌లిబ్ 2007లో మన దేశపు సినిమా రికార్డుల ముక్కలతో ఒక ఆల్బమ్ చేశాడు. అంతకుముందు 2002లో ట్రూత్ హర్ట్స్ అనే అమెరికా గాయని పాటలో, 1981 నాటి హిందీ చిత్రం 'జ్యోతి' కోసం లతా మంగేష్కర్ పాడిన పాట ముక్క మోగింది. స్వరకర్త బప్పీ లహరి. మన 'సింహాసనం', 'గ్యాంగ్ లీడర్' చిత్రాలకు సంగీతం ఇచ్చినాయనే. ఆయన పేరు ఎక్కడా వెయ్యలేదు. వ్యాజ్యం లాస్ ఏంజిలిస్ న్యాయస్థానానికి వెళ్లింది. ఆయన పేరు ముద్రించనిదే ఆల్బమ్ అమ్మకూడదని 2003లో ఉత్తర్వు వచ్చింది. ఆయనకు రికార్డు మీద పేరుంది గనుక, అడిగేవాళ్లున్నారు గనుక, అంతమాత్రం జరిగింది.

మరి మన సంగతి? మంజీర ఒడ్డున వరినాట్లప్పుడు ఒకామె ఎత్తుకుంటే పదిమంది అందుకునే పాటకు పేరేదీ? ఈ రోజుల్లో ఎవరో వచ్చి ఫోనులో పట్టుకుపోతారు. రేపు అదే ముక్క ఇంకో పాటలో మోగుతుంది. 2021లో 'లవ్ స్టోరీ' చిత్రంలో 'సారంగ దరియా' వచ్చినప్పుడు, ఆ జానపదాన్ని సేకరించింది ఎవరన్నదాని మీద ఎంత చర్చ జరిగిందో మీకు గుర్తే. ఎవరు కట్టారో తెలియని పాట మీద హక్కు తేల్చడం కష్టం. కానీ పాడిన గొంతుకు విడిగా హక్కు ఉంది. 1994లో మన కాపీరైటు చట్టానికి చేసిన సవరణతో అది వచ్చింది. పాడినవారి అనుమతి లేకుండా ఆ పాటను రికార్డు చేసి వ్యాపారానికి వాడుకోకూడదు.

అందుచేత అక్కల్లారా, చెల్లెళ్లారా, ఎవరైనా పాట పట్టుకోవడానికి వస్తే పాడవద్దని నేను అనను. బొంత కుట్టేవాళ్లు కుట్టాలి, పాట పది ఊళ్లు తిరగాలి. అయితే పాడేముందు మీ పేరు, ఊరు, ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నదీ, ఏ రోజు పాడుతున్నదీ ఆ రికార్డులోనే గట్టిగా చెప్పండి. దేనికి వాడుకుంటారో అడగండి. ఒక ప్రతి మీ పిల్లల ఫోనులో కూడా ఉంచుకోండి. ఖర్చు లేని పని. రేపు ముక్క ఎక్కడ తేలినా, అది ఎవరి కొంగుదో చెప్పడానికి సాక్ష్యం ఉంటుంది.