‘ఏం నేర్చుకున్నావ్?’ అని అడక్కండి!

మన భాషలో ఒక చిన్న తిరకాసు ఉంది. లెక్కల పుస్తకం ముందు కూచున్నా ‘చదువుతున్నాడు’ అంటాం, నవల పట్టుకున్నా ‘చదువుతున్నాడు’ అనే అంటాం. మాట ఒకటే గానీ ఇంట్లో దక్కే మర్యాద వేరు. మొదటిదానికి పాలగ్లాసు టేబుల్ మీదికి వస్తుంది. రెండోదానికి ‘ఈ టైములో ఒక చాప్టర్ అయిపోయేది కదరా’ అనే మాట వస్తుంది.

మళ్లీ మనమే ‘మావాడు ఫోను వదలడు, పుస్తకం ముట్టడు’ అని బాధపడతాం. సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నవాడిగా నాకనిపించేది ఒకటి చెప్తాను. ఫోను గెలిచేది రంగుల బొమ్మల వల్ల మాత్రమే కాదు. రీల్ చూశాక ‘ఇందులో నీతి ఏంటి?’ అని ఎవరూ అడగరు. నచ్చకపోతే వేలితో పైకి తోసేస్తే సరి. అదే పుస్తకమైతే పూర్తి చేయాలి, కొత్త పదాలు రాసుకోవాలి, ఏం నేర్చుకున్నావో చెప్పాలి. స్కూలు, ట్యూషన్ అయ్యాక మిగిలిన అరగంటలో ఇంకో పరీక్ష ఎవరు రాస్తారు చెప్పండి?

ఫ్రెంచి రచయిత డేనియల్ పెనాక్ చాలాకాలం పంతులుగా పనిచేశాడు. 1992లో వచ్చిన తన పుస్తకంలో పాఠకుడికి 10 హక్కులు ఇచ్చాడు. అసలు చదవకపోవడం మొదటి హక్కు! పేజీలు దాటేయడం, మధ్యలో ఆపేయడం, చదివిందే మళ్లీ చదవడం కూడా హక్కులే. చివరిది, చదివాక ఏమీ మాట్లాడకుండా ఉండే హక్కు. మన ఇళ్లలో ఎక్కువగా కరువయ్యేది ఇదే.

కాబట్టి ఎంపిక పిల్లలకే వదిలేయండి. పుస్తకాల పండగకు తీసుకెళ్లి, చేతిలో మూడొందలు పెట్టి, పక్కకి జరగండి. దెయ్యాల కథలు, క్రికెటర్ జీవితం, జపాన్ కామిక్స్ ఏది తెచ్చుకున్నా మొహం చిట్లించకండి.

ఇంగ్లిష్ మీడియం పిల్లలకు ఇంకో చిక్కుంది. తెలుగు గలగలా మాట్లాడేవాళ్లు కూడా అక్షరాలు కూడబలుక్కుని చదువుతారు. అది ఆసక్తి లేకపోవడం కాదు, అలసట. వాళ్లకి లావుపాటి నవల ఇవ్వకండి. భోజనాలయ్యాక మీరే నాలుగు పేజీలు పైకి చదవండి. ముళ్లపూడి ‘బుడుగు’, మొగల్తూరు నుంచి ఇంగ్లండుకి బయల్దేరిన ‘బారిష్టర్ పార్వతీశం’, కావలి కుర్రాడి బాల్యం చెప్పే ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ ఇందుకు బాగుంటాయి. మంచి పట్టులో ఆపేసి, పుస్తకాన్ని సోఫా మీదే వదిలేయండి. అద్దాల బీరువాలో పెట్టి తాళం వేస్తే అది షోకేసు బొమ్మే. ఆ కాసేపు మీ ఫోను కూడా పక్కన ఉండాలి సుమా.

ఇంతకీ ఇదంతా ఎందుకు? మార్కుల కోసమైతే కానే కాదు. పద్నాలుగు, పదిహేనేళ్ల వయసులో అమ్మానాన్నలతో చెప్పుకోలేనివి చాలా ఉంటాయి. సిగ్గు, అసూయ, మొదటి ఇష్టం, ఓడిపోతానన్న భయం. ‘నాకొక్కడికేనా ఇలా?’ అనుకునే పిల్లాడికి, తనలాంటి ఇంకొకడు కథలో ఎదురుపడితే గుండె కాస్త తేలికవుతుంది. ర్యాంకు రాని రోజున వెళ్లి కూచోడానికి వాడికంటూ ఒక చోటు ఉండాలి. ఆ చోటికి మనం ప్రశ్నలతో వెంటపడకూడదు.

మరీ ఉండబట్టలేకపోతే ‘తర్వాతేమైంది?’ అని అడగండి. చెప్పాలనిపిస్తే వాళ్లే చెప్తారు.