చల్లని అంకె, మరిగే ఇంజను

అమెరికాలో 1984 నాటి షెవ్రొలే కార్వెట్ వంటి కార్లలో ముల్లు స్థానాన్ని అంకెలు ఆక్రమించాయి. అయితే ఉష్ణోగ్రత సూచించే ఆ అంకె, ఇంజనులోని థర్మిస్టర్ విద్యున్నిరోధాన్ని బట్టి కట్టిన లెక్క మాత్రమే. వేడి పెరిగితే నిరోధం తగ్గుతుంది. సిల్వర్ సల్ఫైడులో ఈ గుణాన్ని ఫారడే 1833లోనే గుర్తించాడు. తీగ తెగితే నిరోధం అనంతమై, ఇంజను మరుగుతున్నా అంకె చల్లగానే ఉండవచ్చు. ఒరిసిన తీగ ఇంజను లోహానికి తగిలితే, చల్లని ఇంజనుకూ జ్వరం చూపవచ్చు. కనుక పాత కారులో మీటరును మార్చేముందు, ఇంజను పూర్తిగా చల్లారాక కూలెంటు మట్టం, తీగ, తుప్పు పట్టిన కనెక్టరు, సెన్సారు వరుసగా పరీక్షించాలి. వేడి రేడియేటరు మూత తెరవరాదు. దారిలో ఆవిరి కనబడితే మాత్రం అంకెను కాక కంటిని నమ్మి, కారు ఆపడమే వివేకం.