రక్తంలో బూజు జాడ

ఆస్పర్జిల్లస్ బీజాలను మనం రోజూ పీలుస్తూనే ఉంటాం. తడిసిన గోడ మీద, కుళ్లిన గడ్డిలో పెరిగే మామూలు బూజే అది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల ఊపిరితిత్తుల్లో రక్షక కణాలు దాన్ని అక్కడికక్కడే మింగేస్తాయి. రక్తక్యాన్సర్‌కు కీమోథెరపీ తీసుకుని తెల్లరక్తకణాలు అడుగంటిన మనిషిలో మాత్రం అదే బీజం మొలకెత్తి రక్తనాళాల్లోకి చొరబడుతుంది. మొదట్లో బయటికి తెలిసేది తరచుగా జ్వరం ఒక్కటే, అదీ యాంటీబయాటిక్స్‌కు లొంగని జ్వరం.

బయాప్సీ చేద్దామంటే ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటాయి, సూది గుచ్చితే రక్తం ఆగదు. బ్లడ్ కల్చర్‌లో ఆస్పర్జిల్లస్ దాదాపు పెరగనే పెరగదు. మరో ఫంగస్ అయిన కాండిడా పెరుగుతుంది గానీ, లోపల పాతుకుపోయిన కాండిడా కేసుల్లో సుమారు సగం కల్చర్‌కు చిక్కవు. చిక్కినా రెండు మూడు రోజులు ఆగాలి. అందుకే ల్యాబులు ఫంగస్ కోసం కాచుకు కూర్చోకుండా, అది రక్తంలోకి రాల్చే గోడ ముక్కల్ని వెతకడం మొదలుపెట్టాయి. మన కణాలకు లేని గట్టి గోడ శిలీంధ్ర కణానికి ఉంది మరి.

ఆస్పర్జిల్లస్ గోడలోంచి వచ్చే చక్కెర గొలుసు పేరు గెలాక్టోమానన్. దీన్ని ఎలైజా పద్ధతిలో కొలిచే పరీక్షకు అమెరికా ఎఫ్‌డీఏ 2003లో అనుమతి ఇచ్చింది. సీరంలో సూచిక 0.5 చేరితే డాక్టర్ సీటీ స్కాన్ వైపు చూస్తారు. అయితే ఈ అంకెను రోగిని చూడకుండా చదవకూడదు. తెల్లకణాలు లేని కీమో రోగిలో పరీక్ష బాగానే పనిచేస్తుంది. ఐసీయూలో ఉన్న మరో రోగికి తెల్లకణాలు సరిపడా ఉంటే, అవే గెలాక్టోమానన్‌ను ఊడ్చేస్తాయి. ఊపిరితిత్తి పాడవుతున్నా రక్తం రిపోర్టు శుభ్రంగా వస్తుంది. అలాంటివాళ్లకు బ్రాంకోస్కోపుతో ఊపిరితిత్తుల్లోకి సెలైన్ పంపి, వెనక్కి లాగిన ద్రవంలో వెతకడమే మేలు. ముందుజాగ్రత్తగా పోసాకొనజోల్ వంటి మందు వాడుతున్నవాళ్లలోనూ పరీక్ష మందగిస్తుంది.

రెండోది బీటా డీ గ్లూకాన్. ఇది ఆస్పర్జిల్లస్, కాండిడా, న్యుమోసిస్టిస్, ఇలా చాలా ఫంగస్‌లకు ఉమ్మడి సరుకు. ప్రసిద్ధమైన ఒక కిట్ నీలిరక్తపు సముద్రజీవి గుర్రపునాడా పీత మీద ఆధారపడింది: గ్లూకాన్ తగిలితే గడ్డకట్టే ప్రక్రియ దాని రక్తకణాల్లో ఉంది. ఆ కిట్‌లో మిల్లీలీటరుకు 80 పికోగ్రాములు చేరితే పాజిటివ్. కానీ కొన్ని రకాల డయాలసిస్ పొరలు, ఎక్కించిన ఆల్బుమిన్, ఆపరేషన్‌లో వాడిన గాజు గుడ్డ కూడా ఈ అంకెను పైకి నెడతాయి. అది దేని పనో పాజిటివ్ రిపోర్టు చెప్పలేదు. నా దృష్టిలో దీని అసలు విలువ నెగెటివ్‌లో ఉంది: పదేపదే నెగెటివ్ వస్తే, అనుమానం మీద మొదలుపెట్టిన ఖరీదైన కాండిడా మందును ఆపే ధైర్యం వస్తుంది.

వంక పెట్టడానికి పెద్దగా వీల్లేని పరీక్ష క్రిప్టోకాకస్ అనే ఫంగస్ యాంటిజెన్‌ది. చిన్న పట్టీ, కొద్దిపాటి సీరం, పది నిమిషాలు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో మెదడుపొర వాపు లక్షణాలకు కొన్ని వారాల ముందే ఈ యాంటిజెన్ రక్తంలో కనిపిస్తుంది. సీడీ4 కణాలు 100 కంటే తగ్గినవాళ్లందరికీ ఈ పరీక్ష చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించింది. పాజిటివ్ వస్తే వెన్నునీరు పరీక్షించి, మెదడు దాకా పాకలేదని తేలితే ఫ్లుకొనజోల్‌తో ముందే అడ్డుకోవచ్చు.

ఇక 2021లో కోవిడ్ వెంట వచ్చిన బ్లాక్ ఫంగస్. ఆ మే నెలలో తెలంగాణ దాన్ని తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలపాల్సిన వ్యాధిగా ప్రకటించింది. హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రి రోగులతో నిండిపోయింది. ఆ వ్యాధి తెచ్చే మ్యుకోరేలిస్ జాతుల దగ్గర పై రెండు గోడ పరీక్షలూ మూగబోతాయి: గెలాక్టోమానన్ అందదు, గ్లూకాన్ తగినంత ఉండదు. అవి నెగెటివ్ వచ్చాయని బ్లాక్ ఫంగస్ లేదనుకుంటే ముప్పే. సీరంలో దాని డీఎన్‌ఏను పట్టే పీసీఆర్ ఉంది గానీ చాలా ఆస్పత్రుల్లో ఇంకా నిత్య పరీక్ష కాలేదు. అంతవరకూ ముక్కులోంచి తీసిన ముక్క మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోప్ కింద చూడాల్సిందే. వెడల్పాటి రిబ్బన్లలా, అడ్డుగోడలు పెద్దగా లేని తంతువులు కనిపిస్తే కల్చర్ కోసం ఆగకుండా ఆంఫోటెరిసిన్ మొదలుపెట్టి, సర్జన్‌ను పిలుస్తారు.