విశ్వవిద్యాలయములో మన ఊరి విద్యార్థి

"మీ అబ్బాయి విశాఖపట్నంలో ఏం చదువుతున్నాడు?" అని గ్రామములో ఒక తండ్రిని అడిగినచో, "ఏదో పెద్ద చదువే బాబూ, ఎమ్మెస్సీ అంట" అని సమాధానము వచ్చుట మేము తరచుగా వినుచున్నాము. ఆ మాటలో గర్వమున్నది. కొంత భయము కూడ ఉన్నది. కుమారుడో, కుమార్తెయో అచ్చట ఉదయము మొదలు రాత్రి వరకు ఏమి చేయుచుండునో, పంపిన డబ్బు దేనికి ఖర్చగుచున్నదో ఆ తండ్రికి తెలియదు. గ్రామ పెద్దలలో పెక్కుమందికిని తెలియదు. తెలియనిచోట వదంతులు పుట్టును. వాటిని నమ్మి పిల్లల చదువు నడుమ మాన్పించిన కుటుంబములు లేకపోలేదు. అందుచే విశ్వవిద్యాలయ ప్రాంగణములో విద్యార్థి దినచర్య ఎట్లుండునో, ఆ చదువు నిలుచుటకు గ్రామ పంచాయతీ ఏమి చేయవచ్చునో ఇచ్చట వివరింపదలచితిమి.

ప్రాంగణ మనగా నేమి?

ఉదాహరణకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తును తీసికొందము. ఇది 1926 లో బెజవాడలో ఆరంభమై, 1930 లో వాల్తేరునకు తరలినది. కట్టమంచి రామలింగారెడ్డిగారు దీనికి ప్రథమ ఉపకులపతి. 1931 నుండి 1936 వరకు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఆ పదవి నలంకరించిరి. తరువాత తిరుపతిలో 1954 లోను, గుంటూరు సమీపమున 1976 లోను, అనంతపురములో 1981 లోను విశ్వవిద్యాలయము లేర్పడినవి. తెలంగాణలో ఉస్మానియా 1918 నుండియు, కాకతీయ 1976 నుండియు ఉన్నవి.

ప్రాంగణము ఒక పెద్ద గ్రామమువంటిదే. అందు శాఖల భవనములు, ప్రయోగశాలలు, గ్రంథాలయము, వసతిగృహములు, వైద్యశాల, ఆటస్థలము ఉండును. గ్రామమున పొలము పనికి వేళ యున్నట్లే అచ్చట చదువునకు వేళలు కలవు.

ఉదయము, మధ్యాహ్నము

వసతిగృహములో ఒక గదిలో ఇద్దరు ముగ్గురు విద్యార్థులు కలిసియుందురు. స్నానాదులు ముగించి, భోజనశాలలో ఫలహారము తీసికొని తరగతులకు పోవుదురు. విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు మధ్యాహ్నము ప్రయోగశాలలో పని యుండును. అచ్చట మూడు గంటలు నిలుచుండి పనిచేయుట సామాన్యము.

సంవత్సరమును రెండు అర్ధ సంవత్సరములుగ విభజించి బోధింతురు. ఒక్కొక్క దానిలో సుమారు 90 బోధన దినములుండును. నూటికి 75 వంతుల హాజరు లేనిదే సాధారణముగ పరీక్షకు అనుమతి లభింపదు. అనగా విద్యార్థి మానదగిన దినములు 22 మాత్రమే. జ్వరము వచ్చినను, ప్రయాణములకైనను ఆ 22 దినములలోనే సరిపెట్టుకొనవలెను. కోతలకు పది దినములు, బంధువుల పెండ్లికి వారము, గ్రామదేవత సంబరమునకు వారము రమ్మని కబురు పంపినచో ఆ లెక్క తీరిపోవును. కబురు పంపువారికి ఈ సంగతి తెలియదు. కాదనలేక వచ్చిన విద్యార్థి పరీక్ష పోగొట్టుకొనును.

సాయంకాలము, రాత్రి

సాయంకాలము కొందరు ఆటస్థలమునకు పోవుదురు. కొందరు జాతీయ సేవా పథకమున పాల్గొందురు. 1969 లో గాంధీజీ శతజయంతి సందర్భమున ఆరంభమైన ఈ పథకము క్రింద విద్యార్థులు గ్రామములలో ఏడు దినములు శిబిరము వేసి సేవ చేయుదురు.

రాత్రి భోజనమునకు ముందును, తరువాతను గ్రంథాలయములో చదువు సాగును. పాఠశాలలోవలె ఉపాధ్యాయుడు చెప్పి వ్రాయించిన దానిని వల్లించుట అచ్చట చాలదు. ఆచార్యుడు విషయము చెప్పి, చదువవలసిన పుస్తకముల పేర్లు తెలుపును. వెదకి చదువుట విద్యార్థి వంతు. ఆ పుస్తకములలో పెక్కు ఆంగ్లములో నుండును. తెలుగు మాధ్యమమున చదివి వచ్చిన విద్యార్థికి తొలి ఆరు మాసములు మిక్కిలి కష్టము. పుట తిరుగుటకు గంట పట్టును. తరగతిలో సందేహ మడుగుటకు నోరు రాదు. ఈ కాలమున "నీకు రాదులే, వచ్చేయి" అను మాట ఇంటినుండి పోయినచో చదువు అంతటితో నిలిచిపోవును. "నెమ్మదిగా చదువుకో" అను మాట పోయినచో నిలదొక్కుకొనును.

రెండు మూడు గంటలు కదలక కూర్చుండి చదువు అలవాటు ఊరిలోనే కావలెను. ఇంటిపన్నుతోబాటు పంచాయతీ వసూలుచేయు గ్రంథాలయ సుంకము 1960 నాటి చట్టము ననుసరించి ఇందు కొరకే ఏర్పడినది. అది సకాలమున గ్రంథాలయ సంస్థకు చేరినప్పుడే ఊరి శాఖా గ్రంథాలయమునకు పుస్తకములు చేరును.

డబ్బు లెక్క

అనేక వసతిగృహములలో భోజన వ్యయమును నెల కొకసారి లెక్కకట్టి సభ్యులందరికి పంచుదురు. 200 మంది తిన్న భోజనశాలలో నెలకు ఆరు లక్షల రూపాయలు ఖర్చైనచో ఒక్కొక్కరి వంతు మూడు వేలు. ఇందు లాభము లేదు. కాని బాకీ పేరుకొనినచో పరీక్షల వేళ చిక్కు వచ్చును. పేద విద్యార్థి ఉపకార వేతనము వచ్చునని నమ్మి భోజనము చేయుచుండును. షెడ్యూల్డు కులముల విద్యార్థులకు మెట్రిక్ అనంతర ఉపకార వేతనములు 1944 నుండియే ఉన్నవి. తరువాత ఇతర వర్గములకును ఇట్టి సహాయ మేర్పడినది. ఇది లభించుటకు ఆదాయ ధ్రువపత్రము, కుల ధ్రువపత్రము, బ్యాంకు ఖాతా, ఆధారు, అన్నిటిలో ఒకే విధముగ పేరు ఉండవలెను.

మేము మాట్లాడిన ఒక విద్యార్థి కాగితములు తండ్రి పేరులో ఒక్క అక్షరము తేడా వలన తిరిగివచ్చినవి. తండ్రి వ్యవసాయ కూలీ. రెండు దినముల కూలి వదలుకొని మండల కార్యాలయమునకు పోయియు పని కాక మరలివచ్చెను. మూడవసారి వార్డు సభ్యుడొకరు వెంట పోయి, అధికారికి విషయము విప్పి చెప్పి, తప్పు సవరింపజేసెను. "ఆ రోజు ఆయన రాకపోతే నేను పెట్టె సర్దుకుని ఇంటికి వచ్చేసేవాడినండి" అని ఆ విద్యార్థి మాతో చెప్పెను. సభ్యునకు పట్టినది ఒక పూట. నిలిచినది ఒక జీవితము.

ఆడపిల్లల చదువు

కుమార్తెను దూరము పంపుటకు తల్లిదండ్రులు జంకుట సహజము. స్త్రీల వసతిగృహములు వేరుగ నుండును. రాకపోకలకు వేళలు, పర్యవేక్షణకు అధికారిణి ఉందురు. తల్లిదండ్రులు స్వయముగ పోయి అధికారిణితో మాట్లాడుట మంచిది. క్రొత్త విద్యార్థులను వేధించు ర్యాగింగు 1997 నాటి రాష్ట్ర చట్టము ప్రకారము నేరము. 2009 లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము దీనిపై నిబంధనలు చేసినది. బాధితులు 1800-180-5522 అను ఉచిత సంఖ్యకు ఫోను చేయవచ్చును. పంచాయతీలలో సగము స్థానములు నేడు మహిళలకు ప్రత్యేకింపబడి యున్నవి. మహిళా సభ్యులు ఇంటికి పోయి చెప్పిన మాటను తల్లులు శ్రద్ధతో విందురు.

పంచాయతీ చేయదగిన పనులు

మొదటిది, ఊరినుండి పై చదువులకు పోయిన పిల్లల పేర్లు, వారు చదువుచున్న చోటు ఒక పుస్తకమున వ్రాసియుంచవలెను. రెండవది, చదువుల ఆరంభమునకు ముందే వారి ధ్రువపత్రములు సిద్ధమైనవో లేదో విచారించి, చదువురాని తల్లిదండ్రులకు తోడు పోవలెను. మూడవది, పరీక్షల దినములలో పిల్లలను పనులకు, శుభకార్యములకు పిలువవలదని ఇంటివారికి నచ్చజెప్పవలెను. నాలుగవది, సెలవులకు వచ్చిన విద్యార్థిచే ఊరి పాఠశాలలో పిల్లలతో మాట్లాడింపవలెను. ఐదవది, దగ్గరి కళాశాలవారిని కోరి సేవా శిబిరమును మీ గ్రామమునకు రప్పించుకొనవలెను.

వీనిలో దేనికిని పెద్ద నిధులు అక్కరలేదు. ఊరిలో చెరువు గట్టు తెగిన రాత్రి అందరు పార పట్టుకొని పోవుదురు. చదువు గట్టు తెగినప్పుడు చప్పుడు కాదు. పెట్టె పట్టుకొని బస్సు దిగిన పిల్లవానిని చూచినప్పుడే తెలియును. అంతవరకు రానీయక ముందుగనే విచారించుట పంచాయతీ సభ్యుల చేతిలో నున్న పని. వచ్చు సమావేశమున ఈ విషయమును చర్చకు తీసికొనగలరని మా మనవి.